నోరు పెగలని ఉస్తాద్, నీళ్లు తాగలేని పిల్ల: నఫ్స్ తారీఖ్‌లో కొన్ని పేజీలు



ఈసారి రెండు వాకియాలతో మొదలుపెడతాను. రెంటికీ మధ్య దాదాపు ఎనిమిది వందల ఏళ్ల దూరం.

మొదటిది బగ్దాద్‌లో జరిగింది. హిజ్రీ 488, అంటే ఈసవీ 1095. నిజామియా మదరసాలో పెద్ద ఉస్తాద్ ఇమామ్ అబూ హామిద్ అల్-గజాలీ, రహిమహుల్లాహ్. నలభై ఏళ్లు కూడా నిండలేదు, పేరు మాత్రం అప్పటికే దూరదూరాలకు పాకింది. వజీర్ నిజాముల్ ముల్క్ ఏరికోరి కూర్చోబెట్టిన కుర్చీ అది. కానీ ఆయన లోపల నెలల తరబడి ఒక కొట్లాట. నేను చెబుతున్న ఈ ఇల్మ్ అల్లాహ్ కోసమా, నా షోహ్రత్ కోసమా? అన్నీ వదిలి వెళ్లిపోదామని పొద్దున గట్టిగా అనుకుంటారు, సాయంత్రానికి ఆ ఇరాదా సడలిపోతుంది. చివరికి ఒక రోజు దర్స్ చెప్పబోతే నోరు పెగల్లేదు. తర్వాత తిండి కూడా గొంతు దిగలేదు. ఒంట్లో తాకత్ పోయింది. హకీములు చూసి, ఇది దిల్‌లో మొదలై ఒంట్లోకి దిగిన మర్జ్, లోపలి బాధ తీరితే తప్ప ఇలాజ్ లేదని చెప్పేశారు. ఇది ఎవరో అల్లిన కిస్సా కాదు. ఇమామ్ గారే 'అల్-మున్కిజ్ మినద్దలాల్' అనే తన కితాబ్‌లో రాసుకున్నారు.

రెండోది వియన్నా షహర్‌లో. 1880లో బెర్తా పాపెన్‌హైమ్ అనే ఇరవై ఒక్కేళ్ల యూదు అమ్మాయి, మంచంపట్టిన తండ్రికి రాత్రింబవళ్లు ఖిద్మత్ చేస్తూ తనే పడిపోయింది. చేయి చచ్చుబడింది. సొంత జబాన్ అయిన జర్మన్ మర్చిపోయి ఇంగ్లీషు మాత్రమే మాట్లాడసాగింది. మంచి ఎండల్లో కొన్ని వారాల పాటు గ్లాసు పెదవుల దాకా తెచ్చి కూడా నీళ్లు తాగలేకపోయింది, పండ్లతో దాహం తీర్చుకుంది. డాక్టర్ జోసెఫ్ బ్రాయర్ రోజూ వచ్చి ఆమె చెప్పేది వినేవాడు. ఒక రోజు మాటల్లో ఒక పాత సంగతి బయటపడింది. తనతో ఉండే ఒక ఇంగ్లీషు ఆమె కుక్క గ్లాసులో మూతిపెట్టి నీళ్లు తాగడం చూసి అసహ్యమేసింది, కానీ మర్యాదకు ఏమీ అనలేదు. ఆ మింగుకున్న కోపం కక్కేశాక, నీళ్లు ఇమ్మని అడిగి గటగటా తాగేసింది. ఈ ఇలాజ్‌కి ఆమే ఇంగ్లీషులో ఒక పేరు పెట్టింది: 'టాకింగ్ క్యూర్'. మాటలతో మందు అన్నమాట.

బ్రాయర్, అతని దోస్త్ సిగ్మండ్ ఫ్రాయిడ్ కలిసి 1895లో వేసిన కితాబ్‌లో 'అన్నా ఓ' అనే మారుపేరుతో ఉన్నది ఈ అమ్మాయే. సైకోడైనమిక్ అని ఈరోజు పిలిచే ఆలోచనా తరీఖా అక్కడి నుంచే మొదలైందంటారు.

మరి మన ఖాందాన్లలో ఇలా జరిగితే? ఒక కోడలికి హఠాత్తుగా మాట పడిపోతుంది. ఒక కుర్రాడు నెలల తరబడి గది తలుపు తీయడు. అప్పుడు ముందుగా వినబడేవి మూడే మాటలు. నజర్ తగిలింది. జిన్ పట్టింది. ఈమాన్ కమ్‌జోర్ అయింది. జిన్, నజర్ లేవని నేను అనడం లేదు, అది మన అకీదా విషయం. నేను అడిగేది ఒక్కటే. ఇమామ్ గజాలీకి నోరు పడిపోయినప్పుడు బగ్దాద్ హకీములు ముందుగా దిల్ వైపు చూశారు. తొమ్మిది వందల ఏళ్ల తర్వాత మనం ఆ చూపు ఎక్కడ పోగొట్టుకున్నాం?

లోపలి కొట్లాట

'డైనమిక్' అన్న మాట తాకత్‌లకు, కదలికలకు సంబంధించింది. ఫ్రాయిడ్ కుర్రతనంలో వియన్నాలో ఎర్నెస్ట్ బ్రూకే అనే పెద్ద ఉస్తాద్ ప్రయోగశాలలో ఆరేళ్లు పనిచేశాడు. ఒంట్లో జరిగేదంతా తాకత్‌ల ఆట అని అక్కడ నేర్పేవారు. ఫ్రాయిడ్ ఆ ఖయాల్‌ని జెహన్‌కి పట్టించాడు. మన లోపల ఒక కోరిక ముందుకు తోస్తుంది, ఇంకొకటి దాన్ని వెనక్కి నెడుతుంది. నెట్టేసినది చచ్చిపోదు. వేరే దర్వాజా వెతుక్కుంటుంది. ఖ్వాబ్‌లో వస్తుంది, నోరుజారిన మాటలో వస్తుంది, కడుపునొప్పిగా వస్తుంది, సంబంధం లేనివాళ్ల మీద గుస్సాగా వస్తుంది. ఇలా మనకే తెలియకుండా మనలో నడిచే భాగానికి ఉర్దూలో 'లాషుఊర్' అంటారు. తెలుగు కితాబుల్లో అచేతనం అని రాస్తారు.

ఇంట్లోనే మిసాల్ చూడండి. అత్తమీద కోపం వచ్చిన కోడలు అత్తను ఏమీ అనలేదు. సాయంత్రం హోమ్‌వర్క్ చేయలేదని పిల్లాడిని చితకబాదుతుంది. ఆ దెబ్బలు అసలు ఎవరికి పడాల్సినవో ఆమెకే తెలియదు. అప్పుల్లో మునిగిన అబ్బా, ఏం లేదమ్మా అంతా ఖైరియత్ అంటాడు. అబద్ధమాడుతున్నానని ఆయనకు తెలియదు, నిజంగానే అలా నమ్ముతాడు. బాధ నుంచి తప్పించుకోవడానికి మనసు కట్టుకునే ఇలాంటి అడ్డుగోడల గురించి ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్ 1936లో ఒక కితాబే రాసింది. ఆ తర్వాత జాన్ బౌల్బీ లాంటి ఇంగ్లండ్ డాక్టర్లు, బచ్‌పన్‌లో అమ్మ ఒడి దూరమైన పిల్లల మీద పనిచేశారు. చిన్నప్పుడు దొరికిన భరోసా, దొరకని భరోసా పెద్దయ్యాక మన రిష్తాల్లో ఎలా పలుకుతాయో చూపించారు.

ఫ్రాయిడ్ మాటలన్నీ నిలబడలేదు. ఆడవాళ్ల గురించి అతను చెప్పినవి చాలా వాటిని అతని షాగిర్దులే తోసిపుచ్చారు. అడ్లర్ 1911లో, యుంగ్ 1913లో అతన్ని విడిచి వేరే దారి పట్టారు. ఏ సబూత్‌తోనూ తప్పని తేల్చలేని వాదన సైన్స్ ఎలా అవుతుందని కార్ల్ పాపర్ నిలదీశాడు. అసలు బెర్తా కూడా ఆ కితాబ్‌లో చెప్పినంత తేలిగ్గా షిఫా పొందలేదు. 1882లో ఇలాజ్ ముగిశాక కూడా ఆమెను ఆస్పత్రుల్లో ఉంచాల్సి వచ్చింది. కానీ తర్వాత తేరుకుని యూదు అనాథ పిల్లల కోసం, ఆడవాళ్ల హక్కుల కోసం జిందగీ అంతా పనిచేసింది. 1904లో జర్మనీ యూదు మహిళల జమాత్‌ను నిలబెట్టింది ఆమే.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పుకుందాం. "ఫ్రాయిడ్ యూదీ, మజ్‌హబ్ భ్రమ అన్నాడు, వాడి మాట మనకెందుకు" అనేవాళ్లు మనలో ఉన్నారు. మజ్‌హబ్‌ను భ్రమ అన్న మాట నిజమే, 1927లో ఆ పేరుతోనే కితాబ్ రాశాడు. దానితో మనకు ఇత్తెఫాక్ లేదు. యూదు ఖాందాన్‌లో పుట్టిన మాటా నిజమే. అందుకే 1933లో నాజీలు అతని కితాబుల్ని తగలబెట్టారు, 1938లో ముసలితనంలో వియన్నా వదిలి లండన్‌కు పారిపోవాల్సి వచ్చింది, వెనక ఉండిపోయిన నలుగురు చెల్లెళ్లు నాజీల చేతిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇదే ఫ్రాయిడ్ 1930లో ఫలస్తీన్ విషయంలో ఒక యూదు సంస్థ దస్తఖత్ అడిగితే పెట్టనన్నాడు. అక్కడ యూదు రాజ్యం ఏర్పడడం తనకు సాధ్యంగా తోచడం లేదని జవాబు రాశాడు. మనుషుల్ని ఒక్క మాటలో తేల్చేయకూడదని చెప్పడానికే ఇదంతా.

మన పెద్దల ఖజానా, మన తొందరపాటు

ఈ మాటలు చెప్పగానే ఇంకో వైపు నుంచి ఒక జవాబు వస్తుంది. "ఇదంతా మన కితాబుల్లో ముందే ఉంది, వాళ్లు కాపీ కొట్టారు." వినడానికి హాయిగా ఉంటుంది. కానీ పూర్తి నిజం కాదు.

మన ఖజానా పెద్దదే. బస్రాలో పుట్టి బగ్దాద్‌లో 857లో వఫాత్ అయిన హారిస్ అల్-ముహాసిబీ పేరే 'ముహాసబా' నుంచి వచ్చింది. అంటే తన నఫ్స్‌ను తానే లెక్క అడగడం. నమాజ్ పొడుగ్గా చదివేవాడు ఎవరి కోసం చదువుతున్నాడు, ఖైరాత్ చేసేవాడి దిల్‌లో పొగడ్త మీద ఆశ ఎక్కడ నక్కి ఉంది, ఇలాంటి రియా గురించి ఆయన రాసినవి చదివితే మన ఇంటికొచ్చి చూసి రాసినట్టు ఉంటుంది. బల్ఖ్ ప్రాంతం నుంచి వచ్చిన అబూ జైద్ అల్-బల్ఖీ 934లో వఫాత్ అయ్యారు. ఒంటి ఇలాజ్‌నీ నఫ్స్ ఇలాజ్‌నీ ఒకే కితాబ్‌లో, రెండు భాగాలుగా రాశారు. గుస్సా, ఖౌఫ్, గమ్, వస్‌వసా ఒక్కోదాన్ని విడిగా పట్టుకున్నారు. కారణం తెలిసిన గమ్ వేరు, కారణం తెలియని గమ్ వేరు అన్నారు. ఆపదకు ఇంట్లో దవాలు దాచుకున్నట్టు, మంచి రోజుల్లోనే మంచి ఖయాలాత్ దాచుకోండి, కష్టంలో పనికొస్తాయి అని సలహా ఇచ్చారు. మానసిక బాధను హకీమ్ చూడాల్సిన మర్జ్‌గా చూసిన మనిషి ఆయన. ఇది మన గర్వం.

అయితే నఫ్సె అమ్మారా అంటే ఫ్రాయిడ్ చెప్పిన 'ఇడ్', లవ్వామా అంటే 'సూపర్ ఈగో' అని జతలు కలిపి వాట్సాప్‌లో తిప్పితే రెండింటికీ అన్యాయమే. ఫ్రాయిడ్ చెప్పిన సూపర్ ఈగో అంటే అమ్మానాన్నల మందలింపు లోపల గూడు కట్టుకోవడం. అది ఒక్కోసారి జాలిమ్ అవుతుంది, చేయని తప్పుకు కూడా మనిషిని కాల్చుకు తింటుంది. లవ్వామా అలా కాదు, అది బందాను రబ్బు వైపు తిప్పే మందలింపు, తౌబా దర్వాజా ఎప్పుడూ తెరిచే ఉంచుతుంది. మూడోది ముత్మయిన్నా, ఇత్మినాన్ దొరికిన నఫ్స్. దానికి ఫ్రాయిడ్ దగ్గర జోడీయే లేదు. పిచ్చెక్కించే దుఃఖాన్ని మామూలు మనుషుల దుఃఖంగా మార్చగలిగితే చాలు అనుకున్నాడతను. మన మంజిల్ వేరు.

మంజిల్ వేరైనా, దారిలో కొంత దూరం కలిసి నడవొచ్చా? ఈ సవాల్‌కి జవాబు చెప్పిన ఉస్తాదులు కైరోలో ఉన్నారు.

కైరో ఉస్తాదులు

యూసుఫ్ మురాద్ 1902లో మిస్ర్‌లో పుట్టారు. పారిస్‌లో చదివారు. అక్కడ ఆయన పనిచేసిన ఒక అంశం, ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ రాసిన ఫిరాసత్ కితాబ్. ముఖం, నడక చూసి మనిషి తబియత్ పట్టే ఇల్మ్ అది. ఒక చేతిలో రాజీ, ఇంకో చేతిలో ఫ్రాన్స్ సైకాలజీ పట్టుకుని కైరోకు తిరిగొచ్చి, యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 1945లో దోస్త్ ముస్తఫా జివర్‌తో కలిసి 'మజల్లత్ ఇల్మిన్నఫ్స్' అనే పత్రిక పెట్టారు. 1953 దాకా నడిచింది. జివర్ పారిస్‌లో సైకోఅనాలిసిస్ నేర్చుకుని వచ్చినవాడు. తర్వాత కైరోలోని ఐన్ షమ్స్ యూనివర్సిటీలో సైకాలజీ శాఖను నిలబెట్టాడు.

వాళ్ల ముందున్న మొదటి కష్టం అల్ఫాజ్. ఫ్రాయిడ్ వాడిన జర్మన్ మాటకు అరబీలో ఏం పెట్టాలి? మురాద్ 'అల్-లాషుఊర్' అన్నారు. ఈ చరిత్ర తవ్విన పరిశోధకులు ఆ మాట వేర్లు షేఖ్ ఇబ్నె అరబీ రాతల్లో ఉన్నాయని చూపించారు. ఇబ్నె అరబీ 1240లో దమస్కస్‌లో వఫాత్ అయిన సూఫీ. మనం ఉర్దూలో ఈరోజు వాడే లాషుఊర్ కూడా అదే మాట. పరాయి ఇల్మ్ మన ఇంట్లోకి మన మాట వేసుకుని వచ్చింది.

ఇది పేరు మార్చడం మాత్రమే కాదు. మాట వెంట దాని తారీఖ్ కూడా వస్తుంది. సూఫీల దగ్గర మనిషికి తెలియని లోపలి భాగం అంటే అణిచేసిన కోరికల గోదాము మాత్రమే కాదు, అక్కడ అల్లాహ్ ఉంచిన రాజ్ కూడా ఉంటుంది. అందుకే మురాద్ మనిషిని ముక్కలుగా కాక ఒక నిండు రూపంగా చూడాలని పట్టుబట్టారు. అబుల్ వఫా అత్తఫ్తాజానీ అనే యువకుడు ఆ పత్రికలోనే తసవ్వుఫ్‌నూ సైకాలజీనీ పక్కపక్కన పెట్టి రాశాడు. ముర్షిద్ ముందు మురీద్ దిల్ విప్పడం, డాక్టర్ ముందు మరీజ్ మాట్లాడడం, రెంటికీ ఎక్కడ కలుస్తుంది, ఎక్కడ విడిపోతుంది అనేది అలాంటి రాతలు లేవనెత్తే సవాల్. ఈ తఫ్తాజానీయే తర్వాత కైరో యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు, మిస్ర్ సూఫీ సిల్సిలాలన్నిటికీ పెద్ద షేఖ్ కూడా అయ్యారు. ఫ్రాయిడ్‌ను చదివితే ఈమాన్ పోతుందని భయపడేవాళ్లకు ఆయన జిందగీయే జవాబు.

1958లో ఇంకో పెద్ద పని జరిగింది. ఇస్కందరియాలో 1921లో పుట్టిన ముస్తఫా సఫ్వాన్, ఫ్రాయిడ్ ఖ్వాబుల కితాబ్‌ను అరబీలోకి తెచ్చాడు. పేరు 'తఫ్సీరుల్ అహ్లామ్'. ఈ పేరు వినగానే అరబ్బు చదువరికి ఏం గుర్తొస్తుందో ఊహించండి. ఇబ్నె సీరీన్ పేరు మీద ఖ్వాబుల తాబీర్ చెప్పే కితాబులు శతాబ్దాలుగా బజారులో అమ్ముతున్నారు. ఖ్వాబులు మూడు రకాలని మనకు హదీసులో ఉంది. అల్లాహ్ నుంచి వచ్చే ఖుష్‌ఖబరీ ఒకటి, షైతాన్ భయపెట్టేది ఒకటి, మనిషి నఫ్స్ తనతో తాను మాట్లాడుకునేది ఇంకొకటి. ఫ్రాయిడ్ చెప్పింది ఆ మూడో రకం గురించే అనుకుంటే చాలు, గొడవ సగం తీరిపోతుంది. అతని తప్పల్లా మిగతా రెండింటికీ దర్వాజా మూసేయడం. మన తప్పు మూడోదాన్ని మర్చిపోవడం.

అల్జీరియా ఆస్పత్రి

కైరోలో మాట కుదిరింది. ఇలాజ్‌కి మాట ఒక్కటే సరిపోతుందా? ఈ సబక్ ఫ్రాంజ్ ఫనోన్‌కి అల్జీరియాలో దొరికింది. మార్టినిక్ దీవిలో పుట్టిన ఈ నల్లజాతి డాక్టర్ 1953లో బ్లీదా ఆస్పత్రికి వచ్చాడు. అప్పుడు అల్జీరియా ఫ్రాన్స్ గులామీలో ఉంది. వార్డులు కూడా విడివిడి. ఫ్రాన్స్‌లో నేర్చుకున్న కొత్త తరీఖాలు, అంటే మరీజులు కలిసి కూర్చోవడం, సినిమా, పాటలు, పండగలు, వార్డు పత్రిక, ఇవన్నీ యూరప్ ఆడవాళ్ల వార్డులో బాగా పనిచేశాయి. ముసల్మాన్ మగవాళ్ల వార్డులో మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

వీళ్లకు బుద్ధి తక్కువ అనడం అప్పటి ఫ్రెంచి డాక్టర్లకు మామూలు. ఫనోన్ అలా అనలేదు. తప్పు మాదే అని 1954లో సహచరుడు జాక్ అజూలేతో కలిసి రాశాడు. వాళ్ల జబాన్ రాకుండా, వాళ్ల ఇల్లూ ఈద్‌లూ తెలియకుండా వాళ్ల దిల్ ఎలా తెలుస్తుంది? ఆ తర్వాత వార్డులో మూరిష్ చాయ్‌ఖానా లాంటి కాఫీ హోటల్ పెట్టారు, ముసల్మాన్ ఈద్‌లు జరిపారు, కిస్సాలు చెప్పేవాణ్ణి పిలిపించారు. మనుషులు కదిలారు.

ఎర్వాడి గొలుసులు

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. హిందుస్తాన్‌కి ఈ ఇల్మ్ ఆలస్యంగా రాలేదు. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే ఇండియన్ సైకోఅనలిటికల్ సొసైటీ పెట్టారు, ఫ్రాయిడ్‌తో ఏళ్ల తరబడి ఖతూలు నడిపారు. మన హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూలో చదువు మొదలుపెట్టింది, దానికోసం ముందే దారుత్తర్జుమా పెట్టి పశ్చిమ దేశాల ఇల్మ్‌ని ఉర్దూలోకి తెచ్చారు. ఒక కొత్త ఇల్మ్‌ను సొంత జబాన్‌లో అడిగి తెలుసుకునే హిమ్మత్ మన నానాదాదాలకు ఉండేది.

మరి మనకు? 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఏం జరిగిందో గుర్తుందా? దర్గాకు షిఫా కోసం వచ్చినవాళ్లను దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆశ్రయంలో ఉంచారు, గొలుసులతో కట్టేశారు. తెల్లవారుజామున నిప్పంటుకుంది. పారిపోలేక 28 మంది కాలిపోయారు. అందులో ఎన్నో మజ్‌హబ్‌ల వాళ్లున్నారు. దర్గాకు వెళ్లి దువా చేయడం ఆ గొలుసులు వేయలేదు. ఇంట్లో వినలేకపోయిన బాధను కనబడకుండా ఎక్కడో దాచేయాలనే మన షరం వేసింది. ఈరోజుకీ మన దగ్గర 'ఎర్రగడ్డ' అంటే ఒక ఆస్పత్రి ఉన్న చోటు కాదు, ఒక తిట్టు. పెళ్లి సంబంధం చెడిపోతుందని కూతురి మందుల చీటీని చింపి పారేసే అమ్మీలున్నారు.

అందుకే నేను ఈ తారీఖ్ రాస్తున్నాను. ఇంట్లో ఎవరైనా మాట్లాడడం మానేస్తే, నిద్ర మానేస్తే, తిండి మానేస్తే, దువా చేయండి. దాంతో పాటు వినండి. మధ్యలో నసీహత్ చేయకుండా వినండి. తర్వాత డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ప్రతి మర్జ్‌కీ దవా ఉంది, ఇలాజ్ చేయించుకోండి అన్నది మన నబీ సల్లల్లాహు అలైహి వసల్లమ్ తాలీమ్. దవా అంటే గోలీ ఒక్కటే అని ఆయన అనలేదు. మాటతో ఇలాజ్ చేసేవాళ్లు అన్ని ఊళ్లలో లేరు, కానీ ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబర్ 14416 ఉంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. చావు మాటలు మాట్లాడితే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి.

ఇమామ్ గజాలీ ఏమయ్యారు? బగ్దాద్ వదిలేశారు. ఆస్తిలో తనకూ పిల్లలకూ కావల్సినంత ఉంచి మిగతాది పంచేశారు. షామ్, ఖుద్స్, హజ్ ముగించి, ఏళ్ల తరబడి ఏకాంతంలో గడిపారు. 'ఇహ్యా ఉలూమిద్దీన్' ఆ కాలం నాటి ఫలమే. 1106లో నీషాపూర్‌లో మళ్లీ దర్స్ చెప్పడానికి కూర్చున్నారు. ఈసారి నోరు పెగిలింది. పడిపోయినందుకు ఆయన షరం పడలేదు, దాచలేదు, మనందరి కోసం రాసి పెట్టారు.

అంత పెద్ద ఇమామే తన దిల్ బాధ చెప్పుకోగా, మన ఇంట్లో పిల్ల చెప్పుకోవడానికి భయపడుతోందంటే ఆ భయం మన దీన్ నేర్పింది కాదు. మనం నేర్పింది. అల్లాహ్ మనకు వినే చెవులు, విప్పి చెప్పుకునే హిమ్మత్ ప్రసాదించుగాక. ఆమీన్.